పాత సినిమా పోస్టర్: నలిగినదా, నలగనిదా? కొనేముందు, అమ్మేముందు ఏం చూడాలి

విశాఖపట్నంలో డాబా గార్డెన్స్ దగ్గర సందులో మాది పటాలు కట్టే షాపు. నాన్న కాలంలో సింహాద్రి అప్పన్న పటాలు, పెళ్లి ఫోటోలు, రిటైరైనవాళ్ల సన్మాన పత్రాలు వచ్చేవి. అవి ఇప్పటికీ వస్తున్నాయి. వాటితోపాటు ఈమధ్య పాత సినిమా పోస్టర్లు కూడా బాగానే వస్తున్నాయి. అటక సర్దుతుంటే దొరికిందని కొందరు తెస్తారు, డబ్బు పెట్టి కొన్నామని కొందరు తెస్తారు. బల్ల మీద పరిచాక ఇద్దరూ అడిగేది ఒకటే. "ఇలా నలిగితే విలువ ఉంటుందా? నీటుగా ఉన్నదే కొంటారా?"

నీటుగా ఉన్నదానికే డబ్బు ఎక్కువ. ఒకే సినిమా, ఒకే డిజైను, ఒకే ఏడాది అచ్చైన రెండు కాపీలు పక్కపక్కన పెడితే, నలగనిదాన్ని వదిలి నలిగినదానికి ఎక్కువ ఇచ్చేవాణ్ణి నేనైతే చూడలేదు. కాకపోతే అలా రెండు కాపీలు పక్కపక్కన ఎప్పుడో గానీ దొరకవు. పైగా అన్ని నలుగుళ్లూ ఒకటి కాదు. కొనేవాళ్లు మడతల్ని అసలు లెక్కచెయ్యరు. అంచు చిరిగితే కాస్త బేరమాడతారు. రంగు వెలిసిపోతే మాత్రం ముఖం తిప్పేసుకుంటారు. రిపేరు చేసి దాచిపెట్టారని తెలిస్తే మళ్లీ మీ ఫోన్ ఎత్తరు. కాబట్టి "ఎంత పాడైంది" అని అడిగే ముందు "ఎప్పటిది, ఎక్కడ పాడైంది, దేనివల్ల పాడైంది" అని చూసుకోవాలి.

ముందు ఎప్పటిదో తేల్చుకోండి

పోస్టర్ దాచుకోవడానికి పుట్టిన వస్తువు కాదు. మైదా జిగురు రాసి గోడకి అతికిస్తే, సినిమా ఆడినన్నాళ్లు ఉండి, వానకి నాని, దాని మీద ఇంకో పోస్టర్ పడి పోవడమే దాని బతుకు. జిగురు వాసనకి ఆవులొచ్చి పీకి తినేసేవి కూడా. అందుకే 1950లు, 60ల నాటి తెలుగు పోస్టర్ ఏదైనా ఇవాళ మీ చేతిలో ఉందంటే, చాలావరకు అది గోడ ఎక్కకుండా డిస్ట్రిబ్యూటర్ గోడౌన్‌లోనో, థియేటర్ వెనక గదిలోనో మిగిలిపోయిందన్నమాట. అంత పాత కాగితం ఏ గీతా లేకుండా ఉండాలని ఎవరూ పట్టుబట్టరు. బొమ్మ నిలిచి, రంగు ఉంటే చాలంటారు.

1980ల చివర, 90ల నాటివాటి సంగతి వేరు. అప్పటికి ఆఫ్‌సెట్ మిషన్ల మీద వేలకి వేలు అచ్చేసేవారు. వాడని కట్టలు ఇంకా అక్కడక్కడా బయటికొస్తున్నాయి. ఆ కాలం పోస్టర్ చిరిగింది ఒకటి మీ దగ్గరుంటే, కొనేవాడు తొందరపడడు. "ఆగితే మంచిది దొరుకుతుందిలే" అనుకుంటాడు. నిజంగానే దొరుకుతుంది.

అరుదైనదానికి ఈ లెక్కలేవీ వర్తించవు. అమెరికాలో 'లండన్ ఆఫ్టర్ మిడ్‌నైట్' అని 1927 నాటి మూకీ సినిమా ఒకటుంది. సినిమా రీళ్లే ఇప్పుడు ఎక్కడా లేవు. దాని పోస్టర్ ఒకటి 2014లో డల్లాస్ వేలంలో 4,78,000 డాలర్లకి పోయింది. ఇంకో కాపీ ఉంటే కదా "ఇంతకన్నా నీటైనది చూపించండి" అనడానికి!

సరే, ఎప్పటిదో ఎలా తెలుస్తుంది? సినిమా విడుదలైన ఏడాదే పోస్టర్ ఏడాది అనుకోకండి. మన దగ్గర హిట్టయిన సినిమాని మళ్లీ మళ్లీ ఆడించేవారు. ప్రతిసారీ కొత్తగా పోస్టర్లు వేసేవారు, ఒక్కోసారి పాత డిజైనుతోనే. 1957 నాటి 'మాయాబజార్' తీసుకోండి. దాన్ని 2010లో రంగుల్లోకి మార్చి మళ్లీ విడుదల చేశారు. నున్నటి కాగితం మీద రంగుల ఫోటోలతో తళతళలాడే 'మాయాబజార్' పోస్టర్ ఎవరైనా చూపిస్తే సంతోషంగా చూడండి గానీ, 1957 రేటు ఇవ్వకండి. 2022 నుంచి ఊపందుకున్న 4కె రీ-రిలీజ్‌ల పోస్టర్లు కూడా ఇంకో ఇరవై ఏళ్లకి ఇలాగే జనాన్ని తికమక పెడతాయి.

కింది అంచున చిన్న అక్షరాల్లో ఉండే ప్రింటర్ పేరు, అడ్రస్ చదవండి. భూతద్దం పెట్టుకుని అయినా చదవండి. అక్కడ ఆరంకెల పిన్ కోడ్ ఉంటే అది 1972 ఆగస్టు 15 తర్వాత అచ్చైనదే, ఎందుకంటే పిన్ కోడ్లు వచ్చింది ఆ రోజునే. ఊరి పేరు మద్రాసు బదులు చెన్నై అని ఉంటే 1996 తర్వాతది. సెన్సార్ గుర్తు యు/ఎ అని ఉంటే 1983 కంటే ముందుది కాదు, ఆ వర్గం ఆ ఏడాదే మొదలైంది. ఇవి "ఇంతకంటే పాతది కాదు" అని మాత్రమే చెబుతాయి. పిన్ కోడ్ లేనంత మాత్రాన 1972కి ముందుదని తేలిపోదు, చాలామంది ప్రింటర్లు ఊరి పేరుతో సరిపెట్టేవారు. అయినా అరవైల నాటి ఒరిజినల్ అంటూ పిన్ కోడ్ ఉన్న కాగితం నా బల్ల మీదికి వచ్చిన సందర్భాలున్నాయి. తెచ్చినాయన ముఖం చూడలేక నేనే టీ చెప్పాను.

ఇప్పుడు నలుగుడు చూడండి

శుభ్రమైన బల్ల మీద, కింద తెల్ల కాగితం వేసి పరవండి. ట్యూబ్‌లైటు వెలుగు చాలదు. గదిలో లైటు తగ్గించి, ఫోన్ టార్చిని పక్కనుంచి, కాగితానికి దాదాపు ఆనించి కొట్టండి. మడతలు, ముడతలు, పూసిన రంగు, వెనక అతికించిన ముక్కలు అన్నీ నీడలతో సహా పైకి లేస్తాయి. తర్వాత తిప్పి వెనక చూడండి. నేనైతే వెనక్కే ముందు తిప్పుతాను. ముందువైపు ఎంత సింగారించినా వెనకవైపు అబద్ధం చెప్పడం కష్టం.

మడతల గురించి జనం అనవసరంగా టెన్షన్ పడతారు. పాత పోస్టర్ మడతలతోనే పుట్టింది. ప్రెస్‌లో మడిచి, కట్టలు కట్టి, ఫిల్మ్ బాక్సులతోపాటు బస్సులోనో రైల్లోనో థియేటర్లకి పంపేవారు. అమెరికాలోనూ అంతే. అక్కడ నేషనల్ స్క్రీన్ సర్వీస్ అనే సంస్థ 1940 నుంచి దశాబ్దాలపాటు పోస్టర్లు పంపిణీ చేసింది. 27 అంగుళాల వెడల్పు, 41 అంగుళాల పొడవు ఉండే ఆ కాగితాల్ని మడిచే పంపేవారు. 1980ల్లోకి వచ్చాకే చుట్టి పంపడం మామూలైంది. కాబట్టి 70ల నాటి పోస్టర్‌కి మడత గీతలు ఉండటం లోపం కాదు. అసలు మడతే లేకపోతే ఇంకొంచెం జాగ్రత్తగా చూడాలి. లోపమల్లా మడతలు కలిసే చోట చిల్లు పడటం, మడత పొడవునా రంగు రాలి తెల్ల గీత కనిపించడం, ఆ గీత సరిగ్గా హీరో ముఖం మీదుగా పోవడం.

అన్నిటికంటే చోటు ముఖ్యం. అంచులో అంగుళం చిరుగు కంటే ముఖం మీద పావు అంగుళం చిరుగే ఎక్కువ నష్టం. నేను మూడు చోట్లు చూస్తాను: ముఖాలు, సినిమా పేరు, డిజైనర్ సంతకం. మూడోది చాలామంది పట్టించుకోరు. ఈశ్వర్ గారి లాంటివాళ్ల పోస్టర్లని ఇప్పుడు హీరో కోసం కాకుండా డిజైనర్ కోసమే వెతికేవాళ్లున్నారు. పాలకొల్లు నుంచి మద్రాసు వెళ్లి, బాపు గారి 'సాక్షి' (1967)తో మొదలుపెట్టి దశాబ్దాలపాటు పోస్టర్లు గీసిన మనిషి. 2021లో పోయారు. సంతకం ఉన్న మూల చిరిగిపోయిన పోస్టర్ అలా డిజైనర్ కోసం వెతికేవాళ్లకి అక్కర్లేదు. మిగతా కాగితం అద్దంలా ఉన్నా సరే.

గుండుసూది చిల్లులు, మూలల్లో మేకు రంధ్రాలు పెద్ద విషయం కాదు. ఆ చిల్లు చుట్టూ తుప్పు మరక ఉంటే అది వేరే సంగతి. మన ఊళ్లో ఉప్పుగాలికి గుండుసూది తుప్పు పట్టడానికి ఒక్క వర్షాకాలం చాలు. తుప్పు దిగిన చోట కాగితం ముట్టుకుంటే పొడి అవుతుంది. స్టేపిల్ పిన్ను ఇంకా అలాగే ఉంటే లాగకండి, వెనకవైపు కాళ్లు మెల్లగా లేపి తీయండి.

ఇక చీటీల సంగతి. పోస్టర్ మీద అడ్డంగా అతికించిన రంగు కాగితం, దాని మీద థియేటర్ పేరు, "నేడే విడుదల", "రోజూ 4 ఆటలు" అని ఉంటుంది. దీని మీద మా షాపులోనే చిన్న యుద్ధం జరిగింది. హైదరాబాద్ నుంచి వచ్చినాయన ఒకరు, ఒక పోస్టర్‌కి మంచి ధరే చెప్పి, "ఆ స్లిప్ తీసేసి ఫ్రేమ్ కట్టండి, బొమ్మ కనిపించాలి" అన్నారు. పక్కనే గాజువాక నుంచి వచ్చే స్టీల్‌ప్లాంట్ ఉద్యోగి ఉన్నాడు, ఎప్పట్నుంచో మా దగ్గర పటాలు కట్టించే మనిషి. "ఏటి గురూ, జగదాంబ అన్న చీటీ తీసేస్తే ఇంకేటుంటాది? పోస్టరు అన్ని ఊళ్లకీ వొచ్చింది, చీటీయే గదా మనది" అన్నాడు. ఇద్దరిదీ న్యాయమే. బయటివాళ్లకి డిజైను కావాలి, చీటీ వాళ్లకి మచ్చ. జగదాంబలోనో, పూర్ణాలోనో, లీలామహల్‌లోనో టికెట్ కోసం లైన్లో తోసుకున్నవాళ్లకి ఆ చీటీ లేని కాపీ ఏ ఊరిదైనా ఒకటే.

చీటీ ముట్టుకోవద్దనే నేను చెబుతాను. కారణం అభిమానం ఒక్కటే కాదు. ఆ జిగురు అన్నేళ్లు ఎండాక చీటీ లేపితే కింద ఇంకు కూడా పొరలుగా లేస్తుంది. తీసేసిన చీటీని మళ్లీ పెట్టలేం. కొనేవాడికి వద్దనిపిస్తే, పని తెలిసినవాళ్లతో తీయించుకునే వీలు అతనికి ఎప్పుడూ ఉంటుంది. అమ్మేవాడు ముందే తీసేస్తే స్థానిక కొనుగోలుదారుణ్ణి పోగొట్టుకుంటాడు, పైగా బొమ్మ పాడయ్యే రిస్కూ నెత్తిన వేసుకుంటాడు. డిస్ట్రిబ్యూటర్ ఆఫీసు రబ్బరు స్టాంపు, వెనకవైపు పెన్సిల్‌తో రాసిన ఊరి పేరు కూడా అంతే. ఇవి వాడకం గుర్తులు. అవి చెరిపితే పోస్టర్ శుభ్రపడదు, దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పే సాక్ష్యం పోతుంది.

దీనికి పూర్తిగా ఎదురు, నిర్లక్ష్యం వల్ల వచ్చిన గుర్తులు. నీటి మరక, చెదలు కొరికిన దారులు, బూజు చుక్కలు, సెల్లోటేపు పసుపు, ఎండకి వెలిసిన రంగు. వీటిని ఎవరూ ఇష్టపడరు. "పాతదనం కనిపిస్తోంది కదండీ" అని అమ్మేవాళ్లు చెప్పే మాటలు నమ్మకండి. ఎరుపు, పసుపు ముందు పోతాయి, నీలం మిగులుతుంది. అందుకే ఎండ తగిలిన పోస్టర్‌లో మనుషుల ముఖాలు నీలంగా, జ్వరం వచ్చినట్టు కనిపిస్తాయి. చిరుగుకి వైద్యం ఉంది, వెలిసినదానికి లేదు. రెండు కాపీల మధ్య ఎంచుకోవాల్సి వస్తే, చిరిగినా రంగు నిండుగా ఉన్నదే తీసుకోమంటాను.

అంచులు కత్తిరించినవి ఇంకా ఘోరం. మా వృత్తి చేసిన పాపం ఇది. ఫ్రేము చిన్నదైతే కాగితాన్ని దానికి సరిపడా కోసేసేవారు. తెల్ల అంచుతోపాటు ప్రింటర్ పేరు, అడ్రస్ పోయాయంటే, పైన చెప్పిన పరీక్షలేవీ చేయడానికి ఉండదు. మన ఒంటి షీటు పోస్టర్లు సుమారు 30 అంగుళాలకి 40 ఉంటాయి. టేపు పెట్టి కొలవండి. ఒక వైపు అంచు సన్నగా, ఇంకోవైపు వెడల్పుగా ఉంటే అడగండి. సిక్స్ షీట్ లాంటి పెద్దవి ముక్కలుగా అచ్చేసి గోడ మీద కలిపేవారు కాబట్టి, ముక్కలన్నీ ఉన్నాయో లేదో నేల మీద పరిచి చూసుకున్నాకే డబ్బు ఇవ్వండి.

మరీ కొత్తగా ఉంటే

యాభై ఏళ్ల కాగితం పెళ్లి శుభలేఖలా మెరుస్తుంటే నాకు ముందు అనుమానం వస్తుంది. నిజంగానే కట్టలోంచి వచ్చినవి ఉంటాయి, కాదనను. కానీ స్కాన్ చేసి వేసిన ప్రింట్లు అంతకంటే ఎక్కువ.

మొదట వేలితో తడమండి. కంటికి మడత గీత కనిపిస్తోంది, వేలికి తగలట్లేదు అంటే మడిచిన ఒరిజినల్‌ని స్కాన్ చేసి అచ్చేశారని అర్థం. మడత కూడా బొమ్మలో భాగమైపోయింది. నిజమైన పాత మడత దగ్గర ఇంకు పగిలి, లోపల కాగితం నార కనిపిస్తుంది. తర్వాత భూతద్దం. పదింతలు పెద్దగా చూపేది చాలు, ఇప్పుడు ఆన్‌లైన్‌లో కొన్ని వందలకే దొరుకుతుంది. ఆఫ్‌సెట్ అచ్చులో నాలుగు రంగుల చుక్కలు చిన్న చిన్న పువ్వుల్లా వరసగా ఉంటాయి. అంతకుముందు రాయి మీద, ప్లేటు మీద చేత్తో గీసి వేసిన లితో పోస్టర్లలో ఆ వరస ఉండదు, సుద్దముక్కతో గీసినట్టు గరుకుగా కనిపిస్తుంది. ఇంక్‌జెట్ ప్రింట్‌లో చుక్కలు పొగమంచు చల్లినట్టు చెల్లాచెదురుగా ఉంటాయి. లితో అని చెప్పిన పోస్టర్‌లో పువ్వుల చుక్కలు కనిపిస్తే పాత బొమ్మని ఫోటో తీసి వేసినదే.

ఇంకో తేలిక పరీక్ష ఉంది. నోట్లు చెక్ చేసే నీలం లైటు షాపుల్లో ఉంటుంది కదా, దాని కింద అంచు పెట్టండి. ఇప్పటి తెల్ల కాగితంలో కలిపే రసాయనాల వల్ల నీలంగా మెరుస్తుంది. అలాంటి కాగితం వాడకం పెరిగింది 1950 తర్వాతే. కాబట్టి 1940ల పోస్టర్ అని చెప్పింది ఆ లైటు కింద మెరిసిపోతుంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. 70లు, 80ల వాటికి ఇది ఒక్కటే రుజువుగా పట్టుకోవద్దు. టీ నీళ్లలో ముంచి పాతగా చేసినవి కూడా దిగుతున్నాయి. వాటికి అంచుల నుంచి నడిమిదాకా ఒకే గోధుమ రంగు ఉంటుంది. నిజంగా వయసైన కాగితం గాలి తగిలిన అంచుల్లో, మడతల్లో ముదురుగా, లోపల లేతగా ఉంటుంది.

గ్రేడు ఎలా చెప్పాలి

పోస్టర్ అమ్మేవాళ్లు అంతర్జాతీయంగా వాడే మెట్లు ఇవి: మింట్, నియర్ మింట్, వెరీ ఫైన్, ఫైన్, వెరీ గుడ్, గుడ్, ఫెయిర్, పూర్. కొందరు పదికి మార్కులు వేసినట్టు సి-10 నుంచి సి-1 దాకా చెబుతారు. 'గుడ్' అంటే పైనుంచి ఆరో మెట్టు, అంటే బాగానే దెబ్బతిన్న కాగితం. ఫోన్‌లో "గుడ్ కండిషన్ సార్" అన్న మాట విని డబ్బు పంపకండి. మన దగ్గర ఈ మెట్లు తెలిసి వాడేవాళ్లు తక్కువ. అందుకని గ్రేడు అడగడం కంటే ఫోటోలు అడగడం మేలు: ముందు పూర్తిగా, వెనక పూర్తిగా, నాలుగు మూలలు విడివిడిగా, కింది ప్రింటర్ లైను, పక్కనుంచి టార్చి వేసి ఒకటి. వెనక ఫోటో పంపడానికి నసిగేవాడి దగ్గర నేను కొనను.

మీరే అమ్ముతుంటే లోపాలు ముందే రాయండి. "కింద ఎడమ మూలలో రెండంగుళాల చిరుగు, వెనక పాత టేపు, బొమ్మ మీద రంగు దిద్దలేదు" అని తెలుగులో రాసినా చాలు. ఇలా రాసినవాటికి బేరం తక్కువ జరుగుతుంది. పార్సిల్ విప్పాక గొడవ అసలు ఉండదు.

రిపేరు: చేయించాలా, వద్దా

మామూలు పోస్టర్‌కి వద్దు. నలిగినదాన్ని నలిగినట్టే ఫ్రేము కట్టించుకోవడం చవక, అందం కూడా. సెల్లోటేపు, ఫెవికాల్, లామినేషన్, ఇస్త్రీ పెట్టె ఈ నాలుగూ దగ్గరికి రానివ్వకండి. టేపు జిగురు ఏళ్లు గడిచేకొద్దీ కాగితంలోకి దిగి ముదురు పసుపు అవుతుంది, ఇక రాదు. లామినేషన్ చేయించిన పోస్టర్ సేకరించేవాళ్ల లెక్కలో క్యాలెండర్‌తో సమానం. ఇది చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు "మా ఇంట్లో అదే చేయించామండీ, ఏం చేయమంటారు" అంటారు. ఏం చెయ్యొద్దు. గోడకి తగిలించుకుని చూసుకోండి, అమ్మకానికి పెట్టకండి.

కాగితం నిజంగా ముక్కలైపోతుంటే, అది అరుదైనదైతే, అప్పుడు పని తెలిసినవాళ్లు చేసేది పల్చటి జపాన్ టిష్యూ కాగితం, గోధుమ గంజితో అతికించడం. మైదా కాదు, గోధుమల్లోంచి తీసిన పిండిపదార్థం ఒక్కటే కాచి చేసే గంజి. తడి తగిలిస్తే మళ్లీ ఊడి వచ్చేది కాబట్టే దాన్ని ఎంచుకుంటారు. పెద్ద పోస్టర్ల వెనక ఆమ్లం లేని కాగితం, దాని వెనక కాన్వాస్ గుడ్డ ఇదే గంజితో అతికిస్తారు, దాన్ని లినెన్ బ్యాకింగ్ అంటారు. బాగా పాతవాటికి అందరూ ఒప్పుకుంటారు. ఎనభైల తర్వాతి పోస్టర్‌కి చేయిస్తే "అంత ఏం దాచారు" అని అడుగుతారు. బొమ్మ మీద రంగు దిద్దించారంటే తప్పకుండా చెప్పాలి, స్కెచ్ పెన్‌తో దిద్దినవి టార్చికి ఇట్టే దొరికిపోతాయి.

ఒక్కోసారి పాత గోడ నుంచి అట్టలా ఊడిన పోస్టర్ల దొంతర తెస్తారు. ఒకదాని మీద ఒకటి, మధ్యలో మైదా. పైన కనిపించేది ఎందుకూ పనికిరాకపోవచ్చు, కింద ఏముందో చెప్పలేం. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని బెర్విక్ అనే చిన్న ఊళ్లో ఇలాంటి దొంతరే బయటపడింది. వాల్‌పేపర్ జిగురుతో అంటుకుపోయిన 33 పోస్టర్లు, 1930ల నాటివి. ఆవిరి పట్టి ఒక్కొక్కటిగా విడదీసి, బాగుచేసి, 2012లో వేలం వేస్తే అన్నీ కలిపి ఐదు లక్షల డాలర్లు దాటాయి. జిగురు రాసిన, నలిగిన, రిపేరు చేసిన కాగితాలు అవి. ఈ కథ విని బకెట్లో నీళ్లు పోసి నానబెట్టకండి. కొన్ని ఇంకులు తడికే కారిపోతాయి, మన చవక కాగితం నానితే అప్పడాల పిండే. దొంతరని పొడిగా, చదునుగా, బరువు పెట్టకుండా ఉంచి, కాగితాల సంరక్షణ చేసేవాళ్లకి చూపించండి. పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ 1964 నుంచి సినిమాలతోపాటు పోస్టర్లు, పాటల పుస్తకాలు కూడా భద్రపరుస్తోంది. అరుదైనదని అనిపిస్తే వాళ్లకి రాయొచ్చు.

మన ఊరి గాలికి ఎలా దాచాలి

విశాఖలో నీటైన పోస్టర్‌ని నీటుగా ఉంచడమే అసలు కష్టం. బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో ఉప్పుగాలి, మిగతాచోట్ల చెమ్మ. పాత పోస్టర్ కాగితం చెక్క గుజ్జుతో చేసినది. దానిలోని లిగ్నిన్ అనే చెక్క పదార్థం వెలుగుకి, గాలికి పసుపు తిరిగి పెళుసవుతుంది. చెమ్మ తోడైతే బూజు. గంజి, జిగురు ఉన్న చోటికి సిల్వర్ ఫిష్ పురుగులు వెతుక్కుంటూ వస్తాయి.

మడత విప్పి చదునుగా, ఆమ్లం లేని టిష్యూ మధ్యలో పెట్టి, పాలిస్టర్ కవర్‌లో ఉంచడం మంచిది. మామూలు పీవీసీ కవర్ వద్దు, అది కొన్నేళ్లకి మెత్తబడి ఇంకుని అంటుకుంటుంది. అంత పెద్ద సొరుగు లేకపోతే వెడల్పాటి గొట్టం మీద వదులుగా చుట్టండి. సన్న గొట్టంలో బిగించి చుడితే పెళుసు కాగితం విరుగుతుంది. మరీ పెళుసుగా ఉన్నదాన్ని విప్పకుండా మడతతోనే ఉంచడం నయం. అలమరా ఇంటి లోపలి గోడకి ఆనించండి, వాన కొట్టే బయటి గోడకి కాదు. చెమ్మ పీల్చే సిలికా జెల్ సంచులు పెడితే సరిపోదు, రంగు మారినప్పుడల్లా వేడిచేసి మళ్లీ పెట్టాలి. కలరా ఉండలు మాత్రం పోస్టర్ల మధ్య వేయకండి.

ఫ్రేము కట్టించేటప్పుడు అద్దం కాగితానికి తగలకూడదు. ఈ చెమ్మకి రెండూ అతుక్కుపోతాయి, తర్వాత తీస్తే బొమ్మ అద్దంతో వస్తుంది. చుట్టూ మౌంటు అనే అట్ట చట్రం గానీ, సన్నటి పట్టీ గానీ వేసి ఖాళీ ఉంచమనండి. వెనక హార్డ్‌బోర్డు నేరుగా ఆనించనివ్వకండి, మధ్యలో ఆమ్లం లేని అట్ట పెట్టమనండి. పోస్టర్‌ని పైన రెండు చోట్ల మాత్రమే టిష్యూ పట్టీలతో వేలాడదీయాలి. చుట్టూ అతికిస్తే వర్షాకాలంలో ఉబ్బి అలలు తేలుతుంది. వీటికి మామూలు పటం కంటే ఖర్చు ఎక్కువే, ఆ మాట ముందే చెబుతున్నాను.

హుద్‌హుద్ తుఫాను వచ్చిన 2014 అక్టోబర్ 12 తర్వాత మా షాపుకి తడిసిన ఫోటోలు, సర్టిఫికెట్లు, పోస్టర్లు సంచుల కొద్దీ వచ్చాయి. కరెంటు లేదు, ఫ్యాన్ లేదు. అప్పుడు బతికినవి ఏవంటే, ఎవరూ లాగి విప్పనివి. తడిసిన చుట్టని విప్పకండి, అంటుకున్నవి విడదీయకండి, ఎండలో పెట్టకండి. తెల్లటి, అచ్చు లేని కాగితాల మధ్య పెట్టి అవి మారుస్తూ గాలికి ఆరనివ్వండి. రెండు రోజులు దాటితే బూజు మొదలవుతుంది. ఆ లోపల చూసుకునే వీలు లేకపోతే పాలిథిన్ కవర్లో పెట్టి డీప్ ఫ్రీజర్‌లో ఉంచితే బూజు ఆగుతుంది, తర్వాత తీరిగ్గా బాగుచేయించుకోవచ్చు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి

బడ్జెట్ తక్కువైతే, పాతదీ నలిగినదీ కొనండి. బొమ్మ, పేరు, రంగు, నాలుగు అంచులు ఉండాలి. మడతలు, చిల్లులు, చీటీ పర్వాలేదు. అదే డబ్బుతో తొంభైల నాటి నలగని పోస్టర్ కూడా రావచ్చు గానీ, అది రేపైనా దొరుకుతుంది. మీకు తొంభైల సినిమాలే ఇష్టమైతే మాత్రం నలిగినవి అస్సలు కొనకండి, ఓపిక పట్టండి. ఒకే సినిమావి రెండు దొరికితే నలిగినదాన్ని ఫ్రేము కట్టించి గోడకి పెట్టి, నీటైనదాన్ని చీకట్లో దాచే మనుషులు ఉన్నారు. నవ్వొస్తుంది గానీ వాళ్ల లెక్క వాళ్లది. వెలుగు తినేది గోడ మీదున్నదాన్నే కదా.

అమ్మి పంపుతుంటే ఆ రోజు వాన ఉందో లేదో చూసుకోండి. ప్లంబింగ్ షాపులో నాలుగంగుళాల పీవీసీ పైపు ముక్క, రెండు మూతలు తీసుకోండి. పోస్టర్‌ని టిష్యూతో, దాని మీద పాలిథిన్‌తో చుట్టి, పైపు గోడలకి రాసుకోకుండా చివర్లలో మెత్తటి కాగితం కుక్కండి. మూతలకి బయట టేపు వేయండి, లోపల పోస్టర్‌కి ఎక్కడా టేపు వద్దు. పెళుసు కాగితాన్ని ఇలా చుట్టకూడదు, రెండు ప్లైవుడ్ ముక్కల మధ్య చదునుగా పంపాలి. బస్సు కార్గోలో వేసినా, కొరియర్‌లో వేసినా, పైపు మూయకముందు పోస్టర్‌కి ముందూ వెనకా ఫోటోలు తీసి కొన్నవాళ్లకి పంపేయండి.